ఆ స్ప్రింగ్ సౌండ్ నేను వెయ్యలేదు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మెట్రో దిగగానే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటాను. అందులో పాటలేవీ ఉండవు. బస్సు హారన్లు, బైకుల మోత, ఆటోవాళ్ల కేకలు మీకు అన్నీ కలిసిపోయి ఒకే గోలలా వినిపిస్తాయేమో. నాకు మాత్రం దేనికదే, అన్నీ ఒకే వాల్యూమ్‌లో వినిపిస్తాయి. ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసుకి చేరేసరికే సగం అలసిపోతాను.

నవ్వకండి, నా ఉద్యోగం సౌండ్ ఎడిటింగ్! సినిమాలో తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు, వాన చప్పుడు సరిగ్గా కూర్చోబెట్టే పని. చీకటి గది, తలుపేస్తే నిశ్శబ్దం, వాల్యూమ్ నా చేతిలో. నాకు ఇంతకంటే హాయైన చోటు లేదు.

నాకు ఆటిజం ఉందని 28 ఏళ్లకి తెలిసింది. అప్పటిదాకా నేను 'పొగరుబోతు'ని. కళ్లలోకి చూసి మాట్లాడనని, పెళ్లిళ్లలో భోజనాలు కాకముందే మాయమైపోతానని చుట్టాలు పెట్టిన పేరు అది. మన దేశంలో ఆటిజం అంచనాకి వాడే 40 అంశాల స్కేలు 'ఇసా'ని 2009లో తయారుచేసింది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. అయినా ఆ మాట వినగానే అందరికీ చిన్నపిల్లలే గుర్తొస్తారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, ఉద్యోగాలు చేస్తూ, రూమ్ రెంట్ కడుతుంటారని తట్టదు.

సినిమావాళ్లకైతే ఇంకో రెండు పేర్లు గుర్తొస్తాయి. 'స్వాతిముత్యం' (1986)లో కమల్‌హాసన్, 'రెయిన్ మ్యాన్' (1988)లో డస్టిన్ హాఫ్‌మన్. ఆఫీసులో మా సీనియర్ అన్న ఒక్కడికే చెప్పాను. "అయితే లెక్కలు గబగబా చేసేస్తావా?" అన్నాడు. నాకు ఆటో చిల్లర లెక్కే తేలదు. పోనీ అమాయకుణ్నా అంటే అదీ కాదు. "దారిలో ఉన్నా అన్నా" అని మంచం మీంచే చెప్పగలను.

పోయినేడాది ఒక కామెడీ సీన్ వచ్చింది. పెళ్లి గోలలో హీరో ఫ్రెండ్ చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు. ఊగినప్పుడల్లా 'టొయ్‌య్' అని స్ప్రింగ్ సౌండ్ వెయ్యమన్నారు డైరెక్టర్ గారు.

నిజం చెప్పాలి. లావుగా ఉన్నవాళ్ల నడకకి, నత్తి ఉన్నవాళ్ల మాటకి అలాంటి సౌండ్లు నేనే ఎన్నో వేశాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఈసారి చెయ్యి ఆడలేదు. మా అక్క పెళ్లిలో స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల మధ్య కూర్చుని నేను ఊగింది అచ్చం అలాగే.

స్ప్రింగ్ పక్కనపెట్టి అతని చెవులకి ఎలా వినిపిస్తుందో అలా చేశాను. మేళం, గిన్నెలు, నవ్వులు అన్నీ ఒకే వాల్యూమ్‌లో మీద పడతాయి. చేతులు చెవుల మీదకి రాగానే అంతా మందగిస్తుంది.

డైరెక్టర్ గారు విని, "ఇలా అయితే నవ్వు రాదు కదా బాబూ" అన్నారు.

"పెళ్లిళ్లలో నేనూ ఇలాగే చెవులు మూసుకుంటాను సార్. నాకు ఆటిజం."

కాసేపు ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. "సరే, చూద్దాం" అని లేచి వెళ్లిపోయారు.

సినిమా రిలీజయ్యాక చూశాను. స్ప్రింగ్ లేదు. నేను చేసిందీ లేదు. ఆ చోటంతా మ్యూజిక్‌తో నింపేశారు. గెలిచానో ఓడానో ఇప్పటికీ తెలీదు.

కానీ అన్న మారాడు. ఇప్పుడు ఫోన్ చెయ్యకుండా మెసేజ్ పెడతాడు. మొన్న బోనాలప్పుడు మెట్రోలో ఉండగానే వచ్చింది: "చెక్‌పోస్ట్ దగ్గర డప్పులు మోగుతున్నాయి. అక్కడ దిగకు. ముందు స్టేషన్‌లోనే దిగు, బైక్ మీద వచ్చి తీసుకెళ్తా."