పక్క సీట్లో కూర్చున్న గురువు

పదిహేనేళ్ళపాటు సాగిన కథను ఆరు నెలలలో చూసి ముగించినవాడికి ఒక నష్టమూ ఒక లాభమూ ఉంటాయి. వారం వారం ఎదురుచూసే సుఖం వాడికి దక్కదు. దానికి బదులు, మొదటి ఏట నాటిన గింజ ఆరో ఏట మొలకెత్తినప్పుడు ఆ గింజ వాడికి ఇంకా జ్ఞాపకం ఉంటుంది. నేను చెప్పబోయేది అమెరికా టెలివిజనులో వచ్చిన 'ఈ.ఆర్.' అనే వైద్య ధారావాహిక గురించి. ప్రబంధాల ముచ్చట్లకోసం ఇటు తొంగిచూసే మిత్రులు ఈ ఒక్క టపాకు నన్ను మన్నింతురు గాక.

ఆసుపత్రిలోని అత్యవసర చికిత్సావిభాగానికి అక్కడి పొడిపేరే ఈ.ఆర్. 1994 సెప్టెంబరు 19న ఎన్.బి.సి.లో మొదలై 2009 ఏప్రిల్ 2న ముగిసింది. పదిహేను సీజనులు, మొత్తం 331 భాగాలు. దీని మూలకర్త మైకేల్ క్రైటన్, 'జురాసిక్ పార్క్' రాసిన ఆయనే. హార్వర్డులో వైద్యం చదివి, వైద్యవృత్తి చేపట్టకుండా కలం పట్టుకున్నవాడు. తన విద్యార్థిదశ అనుభవాలతో 1974లో రాసుకున్న రచన ఇరవై ఏళ్ళకుగాని తెరకెక్కలేదు. కథంతా షికాగో నగరంలో, కౌంటీ జనరల్ అనే కల్పిత ప్రభుత్వాసుపత్రిలో నడుస్తుంది.

2019లో మిషిగన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. ఆమె వైద్యురాలు. పొద్దున్న వెళ్ళిపోతే రాత్రికి ఇల్లు చేరేది. మంచు కురిసే వేళ గడప దాటలేని ముసలితండ్రికి రోజుకు రెండు భాగాలు చొప్పున ఈ ధారావాహిక కాలక్షేపమైంది. ఆ డాక్టర్లు పరుగులు తీస్తూ అరిచే పరీక్షల పేర్లు మొదట్లో ఒక్కటీ బోధపడలేదు. కొన్నాళ్ళకు 'సీబీసీ, కెమ్ సెవెన్' అన్న మాటలు సంకల్పంలో దేశకాల సంకీర్తనలాగా చెవికి అలవాటైపోయాయి. పురోహితుడు చెప్పే ప్రతి మాటకూ అర్థం తెలిసే మనం అక్షింతలు వేస్తున్నామా?

అలంకారశాస్త్రం చదువుకున్నవాడికి ఏది చూసినా స్థాయి, సంచారి అన్న మాటలే ముందు తోస్తాయి. సినిమాలో రెండున్నర గంటలే వ్యవధి కనుక, ఈయన కోపిష్ఠి, ఆమె త్యాగమూర్తి అని మొదటి సన్నివేశంలోనే ముద్ర వేసేయాలి. 331 భాగాల కథకు ఆ తొందర లేదు. విసుగు, అలసట, చిన్న అసూయ, నైట్ డ్యూటీ చివర ఒక నవ్వు, ఇలా సంచారిభావాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ పోతాయి. ఏనాడు స్థాయి ఏర్పడిందో చూసేవాడికి తెలియదు. పైగా ఇన్నేళ్ళలో రాసేవారు ఎందరో మారారు. మన భారతాన్ని ముగ్గురు కవులు మూడు శతాబ్దాలలో తెలుగు చేశారు. నన్నయగారి ధర్మరాజును తిక్కనగారు అందుకున్నారు. వారిద్దరి నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱనగారు ఇద్దరి పద్ధతీ చెడకుండా అతికారు. చేతులు మారినా పాత్ర చెడకపోవడం ఎంత కష్టమో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ధారావాహికలో ప్రేమకథలకు కొదవ లేదు. వాటికన్న నన్ను కట్టిపడేసింది ఒక గురుశిష్య సంబంధం. పీటర్ బెంటన్ శస్త్రవైద్యంలో రెసిడెంటు, కష్టపడి పైకి వచ్చిన నల్లజాతి యువకుడు. జాన్ కార్టర్ అతని దగ్గరకు శిక్షణకు వచ్చిన మూడో ఏటి వైద్యవిద్యార్థి, కోటీశ్వరుల ఇంటి బిడ్డ. మొదటి రోజునే దర్జాగా కుట్టించుకున్న తెల్లకోటు తొడుక్కుని వస్తాడు. బెంటన్ ఆ కోటును చూసే చూపుతోనే పాఠం మొదలవుతుంది. ఆ గురువు నోట మెచ్చుకోలు రాదు. ప్రశ్న వేస్తాడు, జవాబు రాకపోతే మొహం తిప్పుకుంటాడు, వస్తే మరో ప్రశ్న వేస్తాడు. శిష్యుడు వెంట పరుగెత్తుతూనే ఉంటాడు.

నా గురువుగారు ఇదే జాతి మనిషి. ఓరియంటల్ కళాశాలలో మాకు వ్యాకరణం చెప్పేవారు. సంధి తప్పు చెబితే పుస్తకం మూసి లేచిపోయేవారు. ఆ మిగిలిన గంట మేము ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి. నాకది పట్టుదల ఇచ్చింది. నా గదిలోనే ఉండే మరొక కుర్రవాడు, నాకంటే తెలివైనవాడు, రెండో ఏడు సగంలో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కఠినమైన గురువులను పొగడుతూ మాట్లాడేవాళ్ళందరూ మిగిలిన శిష్యులే. వెళ్ళిపోయినవాడి వాంగ్మూలం ఏ సన్మానసంచికలోనూ అచ్చుకాదు.

ఈ.ఆర్. రచయితలు ఆ వాంగ్మూలాన్ని వదలలేదు. మూడో సీజనులో డెనిస్ గాంట్ అనే ఇంటర్న్ వస్తాడు. కార్టర్‌తో కలిసి ఒకే ఇంట్లో ఉంటాడు. అతనూ నల్లజాతివాడే. బహుశా అందువల్లనే బెంటన్ అతని విషయంలో ఇంకా కటువుగా ఉంటాడు, తనవాడు తలవంచుకునే సందర్భం రాకూడదని. కార్టర్‌కు పట్టుదల ఇచ్చిన ఆ కరకుదనమే గాంట్‌ను లోపల్లోపల కుంగదీస్తుంది. 1997 జనవరిలో వచ్చిన భాగంలో రైలు కింద పడిన ఒక మనిషిని ఎమర్జెన్సీకి తెస్తారు. మొహం గుర్తుపట్టే స్థితిలో లేదు. అందరూ చుట్టుముట్టి ప్రాణం నిలపాలని చూస్తుంటారు. గాంట్ ఇంకా రాలేదేమని అతని పేజరుకు కబురు పెడతారు. ఆ బల్లమీది మనిషి దగ్గరే పేజరు మోగుతుంది.

జారిపడ్డాడా, తానే పడ్డాడా అన్నది కథ తేల్చదు. తేల్చకపోవడమే ఔచిత్యం. తేలితే బెంటన్ దోషి అవుతాడు, లేదా నిర్దోషి అవుతాడు. తేలలేదు గనుక ఆ బరువు అతనితో నడుస్తూనే ఉంటుంది.

ఆ భాగం చూస్తుండగా మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. తలుపు దగ్గరే, బూట్లు విప్పకుండా నిలబడి చివరిదాకా చూసింది. "మా బ్యాచ్‌లోనూ ఒకతను ఉండేవాడు నాన్నా" అంది. అంతే. వంటింట్లోకి వెళ్ళి చారు వెచ్చబెట్టింది. చదువుకునే రోజులలో ఫోను చేసినప్పుడల్లా "బాగానే ఉన్నాను, పని ఎక్కువ" అన్న రెండు ముక్కలే చెప్పిన పిల్ల. ఆ రెండు ముక్కల వెనుక ఇంత ఉందని నాకు తెలిసింది ఆ రాత్రే. ఎవరు, ఏమిటి అని నేను అడగలేదు. చారు తాగాము. మర్నాటినుంచి వీలైనప్పుడల్లా ఆమె కూడా నాతో కూర్చుని చూసింది.

1997లోనే కార్టర్ శస్త్రవైద్యం వదిలి ఎమర్జెన్సీ వైద్యంలోకి మారతాడు. మూడేళ్ళు వెంట తిప్పుకున్న శిష్యుడు వేరే శాస్త్రం ఎంచుకుంటే ఏ గురువుకైనా గుచ్చుకుంటుంది. ఇక్కడ బెంధం తెగిపోయిందనే అనుకుంటాం. తరువాత చాలా భాగాలు వాళ్ళిద్దరూ వరండాలో ఎదురైతే తలలు ఊపుకుని వెళ్ళిపోవడమే. రచయితలు ఆ మౌనాన్ని అలా ఎండనిచ్చారు.

2000 ఫిబ్రవరిలో మతి చలించిన ఒక రోగి కార్టర్‌నూ, లూసీ నైట్ అనే వైద్యవిద్యార్థినినీ కత్తితో పొడుస్తాడు. కింద జరిగింది తెలియగానే బెంటన్ పరుగెత్తుకొస్తాడు. అప్పటిదాకా పరుగెత్తినవాడు శిష్యుడు, ఇప్పుడు గురువు. కార్టర్ బతుకుతాడు, లూసీ చనిపోతుంది. ఆ నొప్పికి వాడిన మందులకే కార్టర్ బానిస అవుతాడు. మే నెలలో పెద్దడాక్టర్లందరూ కూర్చోబెట్టి, అట్లాంటాలోని చికిత్సాకేంద్రానికి వెళ్ళక తప్పదని చెబుతారు. కార్టర్ తిరగబడి బయటికి పోతాడు. వెనకే వెళ్ళిన బెంటన్‌ను కొడతాడు కూడా. కొట్టిన మనిషిని బెంటన్ పట్టుకుని వదలడు, కార్టర్ ఏడ్చేదాకా. ఆ తరువాతి దృశ్యంలో విమానం. కిటికీ పక్కన కార్టర్. బెంటన్ వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. ఉపదేశం లేదు.

ఆ నాలుగు నిమిషాలు పండడానికి ఆరేళ్ళ సేద్యం జరిగింది. ఆ విమానం దృశ్యాన్ని విడిగా చూసినవాడికి అందులో ఏముందో బోధపడదు.

ఇంత నేర్పున్న రచయితలే ఒక్కొక్కచోట చేయి జారారు. రొమానో అనే నోటిదురుసు శస్త్రవైద్యుడు ఉంటాడు. 2002లో హెలికాప్టరు రెక్క తగిలి అతని చేయి తెగుతుంది. సరే, శస్త్రవైద్యుడికి చేయి పోవడంలో విషాదం ఉంది. మరుసటి ఏడు ఏకంగా ఒక హెలికాప్టరే నెత్తిన పడి చనిపోతాడు! శాపాలు విరివిగా దొరికే మన పురాణాలలో కూడా ఒకే ఆయుధంతో ఒకే మనిషిని రెండుమార్లు సాధించిన కవి నాకు జ్ఞాపకం లేడు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

మార్క్ గ్రీన్ పాత్ర ఆ లోటు తీర్చింది. మొదటి భాగంలోనే విభాగాధిపతి మోర్గెన్‌స్టెర్న్ అతనికి, ఇక్కడ శ్రుతి నిలపవలసినవాడివి నువ్వే అన్న అర్థం వచ్చే ఒక చిన్న మాట చెబుతాడు. 2002లో మెదడులో కణితితో, చావు తెలిసి, ఆసుపత్రి వదిలిపోతున్న గ్రీన్ ఆ మాటే కార్టర్‌కు చెబుతాడు. 2005లో వెళ్ళిపోతూ కార్టర్ దానిని ఆర్చీ మోరిస్‌కు అప్పగిస్తాడు. అప్పటికి ఈ మోరిస్ ఒట్టి సోమరి, అందరికీ నవ్వులాట. ఆ మాట వాడి చెవిన పడటం చూసి నాకే ఒళ్ళుమండింది. మిగిలిన నాలుగేళ్ళలో ఆ మోరిసే మెల్లమెల్లగా పనికివచ్చే వైద్యుడవుతాడు. ఆఖరి భాగం మొదట నర్సు లిడియా అతనిని నిద్ర లేపుతుంది. పదిహేనేళ్ళ క్రితం తొలి భాగంలో గ్రీన్‌ను లేపిన నర్సు ఈమే. తరగతిలో వెనక బల్లమీద కూర్చున్నవాళ్ళ గురించి ముప్పైనాలుగేళ్ళు ఉద్యోగం చేసిన నాకు కొన్ని అభిప్రాయాలు ఉన్నాయి. మోరిస్ వాటికి అనుకూలమైన సాక్షి.

గ్రీన్ కూతురు రేచెల్‌దీ అంతే. తల్లిదండ్రులు విడిపోయిన ఇంటి పిల్ల. పెంకి. ఆమె నిర్లక్ష్యంగా వదిలేసిన మత్తుబిళ్ళ మింగి పసిచెల్లెలు ప్రాణాపాయంలో పడుతుంది కూడా. తండ్రి చివరి రోజులు హవాయి దీవులలో ఆమె మౌనం ముందే గడుస్తాయి. ఏడేళ్ళ తరువాత, ఆఖరి భాగంలో, వైద్యం చదవాలని ఆ ఆసుపత్రి చూడటానికి వస్తుంది. గాయపడినవాళ్ళతో ఆంబులెన్సులు వరసకట్టినప్పుడు కార్టర్ వెనక్కి తిరిగి ఆమెను డాక్టర్ గ్రీన్ అని పిలుస్తాడు. మా అమ్మాయి నా వైపు చూడలేదు, నేనూ ఆమె వైపు చూడలేదు.

కార్టర్‌గా నటించిన నోవా వైలీ 2025లో మొదలైన 'ది పిట్' అనే మరో ఆసుపత్రి కథలో పెద్దడాక్టరు. మొదటి సీజను మొత్తం ఒకే ఒక్క షిఫ్టు, పదిహేను భాగాలకు పదిహేను గంటలు. కోవిడ్ కాలంలో పోయిన తన గురువును తలచుకుంటూ, శిష్యులను వెంటేసుకుని తిరుగుతాడు. నటుడి గడ్డంలో నెరుపు కనిపిస్తే, మన పాత విద్యార్థి ఎవరో ప్రధానోపాధ్యాయుడై ఎదురైనట్టు ఉంటుంది.

చివరగా ఒక భాగం గురించి చెప్పాలి. ఇది 2009 మార్చిలో వచ్చింది. కార్టర్ మూత్రపిండాలు చెడిపోయి, మార్పిడి కోసం ఎదురుచూస్తుంటాడు. అక్కడికి దూరంగా సియాటిల్‌లో, ఏనాడో కౌంటీ జనరల్ వదిలి వెళ్ళిపోయిన డగ్ రాస్, కేరల్ హాథవే దంపతులు, మనవడిని పోగొట్టుకున్న ఒక పెద్దావిడను అవయవదానానికి ఒప్పించే ప్రయత్నంలో ఉంటారు. ఆమె ఒప్పుకుంటుంది. అందులో ఒక మూత్రపిండం కార్టర్‌ది అవుతుంది. ఎవరికి వెళ్ళిందో వాళ్ళకు తెలియదు. షికాగోలో ఒక డాక్టరుకట అని మాత్రం వింటారు. చూస్తున్న మనకు తెలుసు. లేచి వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది.

ఆపరేషను గదిలో బెంటన్ ఉంటాడు. కత్తి పట్టింది వేరొకరు. ఈయన ఊరికే చూడటానికని వచ్చినవాడు. మొదలుపెట్టబోతుంటే, జాగ్రత్తల పట్టిక మొదటినుంచి చివరిదాకా చదవందే కుదరదంటాడు. ఆపరేషను చేసే ఆయనకు విసుగు వస్తుంది. బెంటన్ ఒక్క అంశం కూడా వదలనివ్వడు. ఒక్కొక్కటీ చదివిస్తాడు, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పిస్తాడు, అదే పాత గొంతుతో. కార్టర్ బల్లమీద మత్తులో ఉన్నాడు.