జేబు మీది రెండు పచ్చ గీతలు

మన కాలేజీలో మెడలో ఐడీ కార్డు తాడు రంగు చూసి ఏ బ్రాంచో చెప్పేస్తాం. ఫెస్ట్ రోజున ఎవరు వలంటీరో, ఎవరు కోఆర్డినేటరో టీషర్టు చూస్తే చాలు, దూరం నుంచే తెలిసిపోతుంది. అదే ఆగస్టు పదిహేను పరేడ్‌లో బూడిద రంగు చొక్కాలు, మెడలో స్కార్ఫులు వేసుకున్న పిల్లలు నడిచి వెళ్తుంటే మాత్రం "ఎన్‌సీసీ వాళ్లేమోలే" అనేసి ఊరుకుంటాం. వాళ్లు స్కౌట్లు. గవర్నర్‌పేటలో బడికెళ్లే రోజుల్లో నేనూ మూడేళ్లు ఆ చొక్కా తొడిగాను. దాని మీద ఉన్న ప్రతి గుడ్డముక్కకీ ఓ అర్థం ఉంది. ఒక్కసారి చదవడం వస్తే ఆ చొక్కా భలే కబుర్లు చెప్తుంది.

ముందు కుడి జేబు చూడండి. ఊదా రంగు మీద తెల్లటి బాణపు మొన లాంటి పువ్వు ఉంటుంది. పాత పటాల్లో, దిక్సూచిలో ఉత్తరం వైపు చూపించే గుర్తే అది. దారి తెలిసినవాడు అని అర్థం. దానికున్న మూడు రేకులు స్కౌట్ ప్రతిజ్ఞలోని మూడు భాగాలు: దేవుడి పట్ల, దేశం పట్ల కర్తవ్యం, ఇతరులకు సాయం, స్కౌట్ నియమాన్ని పాటించడం. పక్కనున్న రెండు నక్షత్రాలకి కలిపి పది కొనలు. స్కౌట్ నియమాలు పది అని దాని లెక్క. తమాషా ఏంటంటే, మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో నియమాలు తొమ్మిదే. చుట్టూ ఉన్న తాడుకి కింద ఒక ముడి ఉంటుంది. ప్రపంచంలో ఉన్న స్కౌట్లందరూ ఒక్కటేనని చెప్పే ముడి అది.

ఎడమ జేబు మనది. ఆకుపచ్చ మీద పసుపు రంగులో అదే పువ్వు, దాని మీద మూడాకుల గుర్తు, మధ్యలో అశోకచక్రం. పువ్వు స్కౌట్లది, మూడాకులు గైడ్లవి, అంటే అమ్మాయిలవి. 1950 నవంబర్ 7న దేశంలోని స్కౌట్ సంఘాలు కలిసి ఒక్కటయ్యాయి, 1951 ఆగస్టు 15న గైడ్లు వచ్చి చేరారు. ఆ కలయికంతా రెండంగుళాల గుడ్డ మీద ఉంది.

ఇక చేతులు. ఎడమ చేతి మీద సోపాన్ బ్యాడ్జి ఉంటుంది: ప్రథమ, ద్వితీయ, తృతీయ. సోపానం అంటే మెట్టు, మనకి కొత్త మాటేం కాదు. ఆ పైన రాజ్య పురస్కార్, అన్నిటికంటే పైన రాష్ట్రపతి స్కౌట్. కుడి చేతి మీద ఉండేవి చిన్న చిన్న ప్రొఫిషియెన్సీ బ్యాడ్జీలు. వంట, ఈత, సైకిలు, ప్రథమ చికిత్స, ఇలా ఒక్కో పనికి ఒక్కోటి. ఇవేవీ ఫస్టు, సెకండు వచ్చినందుకు ఇచ్చేవి కావు. పని వస్తే ఇస్తారు, రాకపోతే ఇవ్వరు. ట్రూపులో పాతిక మందికి పని వస్తే పాతిక మందికీ బ్యాడ్జి వస్తుంది. ర్యాంకుల కార్ఖానా లాంటి మా ఊళ్లో పక్కవాడిని ఓడించకుండా సంపాదించుకోగలిగింది నాకు ఇదొక్కటే కనిపించింది.

అసలు ఈ చొక్కా వేసుకోవడమే ఒకప్పుడు మనవాళ్లకి కుదిరేది కాదు. బేడెన్ పావెల్ ఇంగ్లండులో 1907లో స్కౌటింగ్ మొదలుపెడితే, 1909కల్లా అది బెంగళూరుకి వచ్చేసింది. కానీ యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్లకి మాత్రమే. భారతీయ పిల్లలకి దారులు కనిపెట్టడం, సైగలు చేయడం, దళాలుగా నడవడం నేర్పిస్తే రేపు విప్లవకారులవుతారని ప్రభుత్వానికి భయం. శ్రీరామ్ బాజ్‌పాయ్ 1913లో షాజహాన్‌పూర్‌లో సొంతంగా ఒక దళం పెట్టారు. 1916లో మద్రాసులో అనీబిసెంట్ ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. ఆ పిల్లలు టోపీకి బదులు తలపాగా చుట్టుకున్నారు, మన పాటలే పాడుకున్నారు. 1921లో బేడెన్ పావెల్ ఇండియాకి వచ్చినప్పుడు ఆ సంఘం అసలు సంఘంలో కలిసింది. అప్పట్లో మా బెజవాడ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

గవర్నర్‌పేటలో చెప్పులకీ, చుడీదార్లకీ, సెల్ కవర్లకీ మనం తిరిగే బీసెంట్ రోడ్డు ఆవిడ పేరు మీదే ఉంది. నేను స్కౌట్ చొక్కా వేసుకుని వారానికి రెండుసార్లు ఆ రోడ్డు మీదుగా నడిచేవాణ్ణి. ఈ సంగతి ఇంటర్‌కి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు పచ్చ గీతల సంగతి. ఆరుగురు నుంచి ఎనిమిది మంది పిల్లలు కలిస్తే ఒక పెట్రోల్. దానికి ఏదో ఒక జంతువు పేరో, పక్షి పేరో పెడతారు. మాది ఈగల్. నాయకుడికి ఎడమ జేబు మీద నిలువుగా రెండు ఆకుపచ్చ గీతలు, అతని తర్వాతివాడికి ఒకటే. ఎనిమిదో తరగతిలో నాకు రెండు గీతలు వచ్చాయి. ఆ రోజు మా స్కౌట్ మాస్టారు ఒకే మాటన్నారు: "గీతలు పెరిగాయి కదరా, ఇక నుంచి క్యాంపులో నువ్వు ఆఖర్న తినాలి." పెట్రోల్‌లో అందరి పళ్లాల్లో అన్నం పడ్డాకే నా పళ్లెం. సాంబారు అయిపోతే నాకు మజ్జిగే గతి.

ఆ ఏడాది దసరాకి కొండ కింద క్యూలైన్లలో మాకు డ్యూటీ వేశారు. నీళ్ల ప్యాకెట్లు పంచడం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి తీసుకెళ్లడం మా పని. మూలా నక్షత్రం రోజు జనం ఎలా ఉంటారో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక మామ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, "నువ్వు పోలీసోళ్ల పిల్లాడివా నాయనా?" అంది. కాదన్నాను. "ఎవరైతే ఏంలే, వీణ్ణి పట్టుకో, నేను కాసేపు కూచుంటా" అంటూ మూడేళ్ల మనవణ్ణి నా చేతుల్లో పెట్టేసింది. ఆవిడకి సోపాన్‌లు తెలీవు, పచ్చ గీతలూ తెలీవు. ఈ చొక్కా వేసుకున్నవాణ్ణి నమ్మొచ్చు, అంతవరకే ఆవిడకి తెలుసు. బ్యాడ్జి అంటే "నాకిది వచ్చు" అని మనం చెప్పుకునేదే అనుకునేవాణ్ణి అప్పటిదాకా. "నన్ను ఈ పని అడగొచ్చు" అని ఎదుటివాళ్లకి ఇచ్చే మాట కూడా అదేనని ఆ పిల్లాడు నా భుజం మీద నిద్రపోతుంటే అర్థమైంది.

ఈ మధ్య ఇదే విషయం మీద మా ఇంట్లో పెద్ద రగడ జరిగింది. మా బాబాయి వాళ్లది సింగ్‌నగర్. వాళ్లబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి, స్కౌటు. తృతీయ సోపాన్ క్యాంపూ, ఐఐటీ ఫౌండేషన్ వీకెండ్ టెస్టూ ఒకేరోజు పడ్డాయి. "ఈ గుడ్డముక్కలు ఎంసెట్‌లో ఎన్ని మార్కులు కలుపుతాయిరా?" అన్నాడు బాబాయి. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉందనీ, దానికి రాష్ట్రపతి స్కౌట్ లాంటి అర్హతలు అడుగుతారనీ చెప్పాను. వెంటనే మెత్తబడి, "అలా చెప్పు మరి. ఆ సర్టిఫికెట్ ఎంత తొందరగా వస్తుందో కనుక్కో" అన్నాడు. పనెలా జరుగుతుందో ఎవరికీ పట్టదు, కాగితం వస్తే చాలు. మనం కూడా ఆన్‌లైన్ కోర్సు వీడియోల్ని రెండింతల స్పీడులో తిప్పేసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటున్నాం కదా, ఆయన్నేమంటాం?

అప్పటిదాకా చిక్కుడుకాయలు ఒలుస్తున్న పిన్ని తలెత్తింది. "బుడమేరు వచ్చినప్పుడు పాలు పైకెలా వచ్చాయో మర్చిపోయారా?"

2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. రోజుల తరబడి కింది అంతస్తులు నీళ్లలోనే ఉన్నాయి. పడవ ఇంటి కిందికి వస్తే, మేడ మీది నుంచి తాడుకి బకెట్ కట్టి దించేవాళ్లు. మొదటిసారి పక్కింటివాళ్ల బకెట్ మధ్యలోనే ముడి జారి, పాలప్యాకెట్లతో సహా మురుగునీళ్లలో పడిపోయింది. అప్పుడు మావాడు, ఎనిమిదో తరగతి పిల్లాడు, తాడుని బకెట్ కాడకి రెండు చుట్లు తిప్పి, పైన రెండు సగం ముళ్లు వేశాడు. ప్రథమ సోపాన్‌లో నేర్పే ముళ్లలో అదొకటి. ఆ తర్వాత ఒక్క బకెట్ కూడా జారలేదు. చుట్టుపక్కల నాలుగు మేడలకి గోడలు దాటి వెళ్లి వాడే కట్టొచ్చాడు. వాడి చొక్కా, స్కార్ఫు, బ్యాడ్జీలు అన్నీ కింది గదిలో నీళ్లలో నానుతున్నాయి. వాటితో ఆ రోజు పని పడలేదు.

బాబాయి ఏమీ అనలేదు. కాసేపాగి క్యాంపుకి ఫీజెంతో కనుక్కోమన్నాడు. టెస్టు వచ్చే వారం రాయించుకుంటారట.

ఇదంతా బడిపిల్లల వ్యవహారం అనుకుంటున్నారేమో. స్కౌటింగ్‌లో ఆఖరి విభాగం కాలేజీ వయసు వాళ్లదే. అబ్బాయిలైతే రోవర్లు, అమ్మాయిలైతే రేంజర్లు, పాతికేళ్ల వరకు ఉండొచ్చు. రోవర్ల నినాదం ఒకే మాట: సేవ. నాకు ఇరవై, మీలో చాలామందికీ అంతే. మన కాలేజీలో దళం లేదు. కావలసిన మనుషులు మాత్రం ఒక్క హాస్టల్ ఫ్లోర్‌లోనే దొరుకుతారు. ఎవరికైనా ఆసక్తి ఉంటే సాయంత్రం ఆరు తర్వాత లైబ్రరీ మెట్ల దగ్గరికి రండి. ఒక తాడు నేను తెస్తాను.