పాట ఎవరిదంట?

మోకాళ్ళ నొప్పులకి డాక్టరుకి చూపించుకోడానికి మా అమ్మ పామర్రు నుంచి హైదరాబాదు వచ్చిన వారంలోనే ఇండియన్ ఓషన్ కచేరీ పడింది. రెండు టిక్కెట్లు ఎప్పుడో కొని పెట్టుకున్నాను. నాతో రావాల్సిన స్నేహితురాలికి జ్వరం. అమ్మనొక్కదాన్నే ఇంట్లో వదిలి వెళ్ళలేక "వస్తావా?" అన్నాను. "బుర్రకథా?" అని అడిగింది. అలాంటిదేనని సర్దిచెప్పాను.

హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ వీళ్ళ 'కాందీసా' నాకు తోడు. ఆ ఆల్బం 2000లో వచ్చింది. 1990లో ఢిల్లీలో ఈ బృందాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో అసీమ్ చక్రవర్తి 2009లో చనిపోయాడు. గిటారు వాయించే సుస్మిత్ సేన్ 2013లో వదిలి వెళ్ళిపోయాడు. తొలి ఏళ్ళలోనే చేరిన రాహుల్ రామ్, అమిత్ కిలమ్ పాతవాళ్ళుగా మిగిలి, కొత్తవాళ్ళని కలుపుకుని నడుపుతున్నారు. మన బుర్రకథ దళాలూ ఇంతేగా. కథకుడు పోతే వంత పాడినవాడు తంబురా భుజాన వేసుకుంటాడు.

మొదటి దెబ్బకే అమ్మ కొంగు చెవులకి అడ్డం పెట్టుకుంది. చుట్టూ అందరూ లేచి నిలబడి ఊగుతున్నారు. ఈవిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఎందుకు తీసుకొచ్చానురా భగవంతుడా అనుకున్నాను. కాసేపటికి కొంగు తీసి, వేదిక మీద ఒక్కొక్కళ్ళనీ పరకాయించి చూసి, నా చెవిలో అంది: "ఆడమనిషి ఒక్కతీ లేదేమే?"

ఇన్నేళ్ళుగా వింటున్నాను, స్త్రీవాద విమర్శ మీద క్లాసులు చెబుతున్నాను. ఆ ప్రశ్న నాకు రాలేదు! మగ గొంతుల్ని మామూలు గొంతులుగా వినడం నాకంత అలవాటైపోయిందన్నమాట.

అమ్మకి ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పామర్రు సెంటర్లో నిలబడితే నాలుగు వైపులా రోడ్లు. చల్లపల్లి రోడ్డున కొంచెం దూరం పోతే కూచిపూడి. అక్కడ తరాల తరబడి మగవాళ్ళే జడ వేసుకుని సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ ముందు ఆడవాళ్ళే చిన్నబోయేవారని మావైపు మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆ పొగడ్తలోని వెటకారం ఎవరికీ పట్టదు. మరోపక్క, 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం వంటివాళ్ళు ఆడవాళ్ళ బుర్రకథ దళం కట్టి ఊళ్ళు తిరిగారు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు మా పామర్రులోనే పుట్టారు. బాల్య వితంతువు. ఆవిడా ఆ వేదికల మీద పాడారు. తొంభై ఏళ్ళు దాటాక, 2012లో 'నిర్జన వారధి' వచ్చింది. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఆడవాళ్ళ బుర్రకథ చూసిందట. మొలకి కొంగు బిగించి గుమ్మెట వాయించిన పిల్ల గురించి చచ్చేదాకా చెప్పింది. "నన్ను పంపలేదు" అనే మాటతో ఆ కథ ముగించేది.

'మా రేవా' మొదలయ్యింది. రాహుల్ రామ్ అమెరికాలో డాక్టరేట్ చేసి తిరిగొచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. నర్మద లోయ నుంచి తెచ్చుకున్న పాట అది. రేవ అంటే నర్మదే. అమిత్ కిలమ్ చంకలో గబ్‌గుబీ పెట్టుకుని తీగ లాగుతుంటే, ఎల్లమ్మ కథ చెప్పే బవనీల జమిడిక గుర్తొచ్చింది. అమ్మకి హిందీ రాదు. కానీ పల్లవి రెండోసారి వచ్చేసరికి అందుకుంది. మాటల్లేకుండా, రాగం మాత్రమే. కుడిచెయ్యి ఒళ్ళో చిన్నగా కదులుతోంది. బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి కిందికి గుచ్చడం, తీయడం. మొదట తాళం అనుకున్నాను. కాదు, నారు నాటుతోంది.

ముప్ఫై ఏళ్ళు ఊడ్పులకి వెళ్ళిన చెయ్యి అది. బురదలో నడుం వంచి వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒకరు పాట అందిస్తే మిగతావాళ్ళు అందుకునేవారు. పాట జోరు తగ్గితే నాటూ తగ్గేది. అందుకని బాగా పాడే మనిషిని ముఠా వదులుకునేది కాదు.

పాట అయిపోయాక అడిగింది: "ఎవరిదంట ఆ పాట?"

"నర్మద ఒడ్డు జనానిది. ఫలానా అని లేదు."

"లేకేం, ఎవరో ఒకరు కట్టుంటారుగా."

ఇంటికొచ్చే ఆటోలో రెండో ప్రశ్న వేసింది. "నా పాటలు రాసుకున్నావుగా నీ పుస్తకంలో. నా పేరుందా?"

నా సిద్ధాంత గ్రంథం కృష్ణా డెల్టా శ్రామిక స్త్రీల పాటల మీద. అనుబంధంలో పదకొండు పాటల కింద 'గాయని 7, వ్యవసాయ కూలీ, పామర్రు మండలం' అని ఉంటుంది. వివరాలు చెప్పినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదనే పద్ధతి ఒకటుంది, దాని చాటున దాక్కున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ కూలీ మా అమ్మేనని మౌఖిక పరీక్ష రోజున ఆ గదిలో తెలియడం నాకిష్టం లేదు. 'ఆ గొంతు మీకెలా దొరికింది?' అని అడిగితే, క్షేత్ర పర్యటనలో పరిచయమైందన్నాను. నన్ను ఈ పనికి పురికొల్పిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. అందులో తెలంగాణ పోరాటపు స్త్రీలు తమ పేర్లతో, తమ గొంతులతో మాట్లాడతారు. అది చదివి వచ్చినదాన్ని, నా తల్లికి అంకె వేశాను.

ఆటోలో "లేదమ్మా" అని మాత్రం అన్నాను. అమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. కోపమొచ్చిందో లేదో తెలీలేదు.

ఇప్పుడు గ్రంథాన్ని పుస్తకంగా వేయబోతున్నాను. పేరు వేస్తానని ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఆలోచించింది. "అన్నిటికీ వేయకు. ఆకుమడి పాటా, ఆ చివరి రెండూ నావి కావు. మా ముఠాలో ముందు నిలబడి పాడే అత్త దగ్గర పట్టాను" అంది. ఆవిడ పేరేమిటని అడిగాను. మేస్త్రత్త అనేవాళ్ళం అంది. అసలు పేరు? అమ్మకి గుర్తు రాలేదు. పాతికేళ్ళు పక్కపక్కన నాట్లు వేశారు.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్. ఆవిడ కోడలు గుడివాడలో ఉంటోందట. ఆదివారం బస్సెక్కి వెళ్ళి కనుక్కొస్తానంది. "ఈలోగా అచ్చుకివ్వకు" అంది.