కార్ల మామయ్య

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు, నేను చదువు గురించో క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకుని ఉంటారు. అవి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను మా చిన్న మేనమామ గురించి రాస్తాను. 1996 నుంచి 2001 దాకా నాతోపాటు హాస్టల్లో ఉన్నవాళ్లకు ఆయన పేరు గుర్తులేకపోవచ్చు గానీ ‘కార్ల మామయ్య’ అంటే వెంటనే గుర్తుపడతారు. నెలకో ఆదివారం కారప్పూస పొట్లంతో వచ్చి వరండాలో కూర్చునేవాడు. రోడ్డు మీద కారు పోతుంటే తల తిప్పకుండా, చప్పుడును బట్టి అదేం కారో, దాని జబ్బేమిటో చెప్పేవాడు. "ఫియట్. టాపెట్లు లూజు" అనేవాడు. మనవాళ్లు గేటు దాకా పరుగెత్తి చూసి వచ్చేవాళ్లు. ఫియట్టే అయ్యేది. టాపెట్ల సంగతి మనకేం తెలుసు!

నా ట్రంకుపెట్టె కూడా చాలామందికి గుర్తుండాలి. అందరివీ ఆకుపచ్చ పెట్టెలో, నీలం పెట్టెలో అయితే నాది తెల్లది. ఏదో గవర్నమెంటు అంబాసిడర్‌కి రంగు వేయగా డబ్బా అడుగున మిగిలిన పెయింటు అది. దానికి నంబర్ల తాళం వేసి 1342 అని పెట్టాడు. అంబాసిడర్ ఇంజన్లో నాలుగు సిలిండర్లూ ఆ వరసలోనే మండుతాయట. "ఈ తాళం తియ్యాలంటే దొంగ మెకానిక్ అయ్యుండాలి అల్లుడూ" అని నవ్వాడు. ఐదేళ్లలో ఎవరూ తియ్యలేదు.

మామయ్య 2022 ఫిబ్రవరిలో చనిపోయాడు. అరవై ఏడేళ్లు. పొగ, పెయింటు పీల్చిపీల్చి చివరి రెండేళ్లు ఊపిరి కోసం చాలా కష్టపడ్డాడు.

ఆయన ఐదో తరగతితో బడి మానేసి, పన్నెండో ఏట విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెల్పరుగా చేరాడు. కిరసనాయిల్లో సామాను కడగడం, మేస్త్రీ నంబరు చెబితే ఆ పానా అందించడం, టీ తేవడం ఆయన పని. అందరికీ టీ తెచ్చేవాడే గానీ ఆయన గ్లాసు మాత్రం కిటికీ మీద వేరుగా ఉండేది. ఎందుకో ఈ సంచిక చదివేవాళ్లకు వివరించనక్కర్లేదు. దాని గురించి మామయ్య ఒక్కసారే మాట్లాడాడు. "బండి ఎక్కినప్పుడు స్టీరింగు పట్టుకుంటే స్టీరింగు ఏమీ అడగలేదురా" అని ఊరుకున్నాడు.

అప్పట్లో మన రోడ్ల మీద మూడు రకాల కార్లే ఎక్కువగా ఉండేవి. అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు అచ్చు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు దాన్ని బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేశారు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్ 1100 రెండోది. అదే 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడోది. మామయ్యకు ప్రాణం మాత్రం హెరాల్డ్. దాని బానెట్టు మడ్‌గార్డులతో సహా మొసలి నోరులా ముందుకు తెరుచుకుంటుంది. లోపల ఇంజను చుట్టూ మనిషి నిలబడి పని చేసుకోవచ్చు. "మెకానిక్ నడుం గురించి ఆలోచించి చేసిన కారు ఇదొక్కటే" అనేవాడు. ఎవరైనా పాత అంబాసిడర్‌ని చూసి ‘వింటేజ్ కారు’ అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. 1919 నుంచి 1930 దాకా వచ్చినవే వింటేజ్, యుద్ధం తర్వాతవి క్లాసిక్ అని పెళ్లి పందిట్లోనైనా సరే ఆపి మరీ చెప్పేవాడు. అత్తయ్య పక్కనుంచి "అన్నం తినండి ముందు" అనేది.

సేకరణ ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగ్గా తెలియదు. ఒక యజమాని కారుకు కొత్త రంగు వేయిస్తూ పాత బ్యాడ్జీ వద్దని పారేస్తే ఈయన ఏరి హార్లిక్స్ సీసాలో వేసుకున్నాడు. ఆ తర్వాత హారన్ బటన్లు, డోరు హ్యాండిళ్లు, వీల్ కప్పులు, ఇనుప తీగకు గుచ్చిన పాత తాళంచెవులు, మార్క్ 2 అంబాసిడర్ గళ్ల గ్రిల్లు, చేత్తో తిప్పి ఇంజను స్టార్టు చేసే హ్యాండిళ్లు వచ్చి చేరాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి పాత కార్లు ఒక్కొక్కటే షెడ్డు వెనక చెట్టు కిందికి చేరాయి. కొన్నాళ్లకు తుక్కువాళ్లు వచ్చి గ్యాసుతో కోసి లారీకెత్తేవాళ్లు. ఆ లారీ కదిలేలోపు మామయ్య ఏదో ఒకటి విప్పి తెచ్చుకునేవాడు. డబ్బిచ్చి కొన్నది బహుశా పదింటికి ఒకటి కూడా ఉండదు. ఇల్లు రెండు గదులే. మంచం కింద బంపర్లు, అటక మీద గ్రిల్లులు. బియ్యం డబ్బా పక్కన హెరాల్డ్ హెడ్‌లైటు ఒకటి ఉండేది. చీకట్లో చెయ్యి తగిలితే అత్తయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఈ సేకరణలో మన హాస్టలుకూ కొంచెం భాగం ఉంది. ప్రతి ఏడూ పరీక్షలయ్యాక నా నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి ఆయనకు ఇచ్చేవాణ్ని. వాటిలో ఆయన తాను చేసిన ప్రతి కారు గురించి రాసుకునేవాడు. యజమాని పేరు ఉండదు. తేదీ, కారు, రంగు, ‘జబ్బు’, ‘మందు’ అంతే. ‘బూడిదరంగు ఫియట్. ఎక్కితే దగ్గు. కార్బొరేటర్లో నీళ్లు. కడిగాను.’ ఇలా పదకొండు పుస్తకాలున్నాయి. గుణింతం తప్పులు చాలా ఉన్నాయి గానీ ఎక్కడా కొట్టివేత లేదు.

వేసవి సెలవుల్లో నాకొక డ్యూటీ ఉండేది. చెదలు తినగా మిగిలిన అంబాసిడర్ రిపేరు పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది, ఇంగ్లీషులో. హాస్టల్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో నేను ఒక్కో వాక్యం చదివేవాణ్ని. నాకు అక్షరాలు వచ్చు, అర్థం తెలియదు. ఆయనకు అక్షరాలు రావు, అర్థం మొత్తం తెలుసు. ఒకసారి డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సందు 0.015 అంగుళం ఉండాలని చదివాను. అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను. మామయ్య మాట్లాడకుండా ఎదురుగా ఉన్న బండి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు విప్పి, గేజి లేకుండా కంటితో చూసి మళ్లీ బిగించి, "ఇప్పుడు కొలువు" అన్నాడు. గేజిలో పదిహేను నంబరు రేకు పెట్టాను. పట్టీపట్టనట్టు జారింది. అలాగే ఉండాలట. ఆ రోజు ఆయన ముఖంలో చూసిన సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా చూడలేదు. కంటితో తాను పెట్టుకుంటూ వచ్చిన కొలతే ఇంగ్లండువాళ్ల పుస్తకంలోనూ ఉందని తెలియడానికి ఆయనకు ముప్ఫై ఏళ్లు పట్టింది.

నేను ఉద్యోగంలో చేరి హైదరాబాదులో ఉన్నప్పుడు, 2016లో ఆయన్ని చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లాను. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపురంగు రోల్స్‌రాయిస్ ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అది మొత్తంమీద తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. ఆర్డరిచ్చిన నిజాం 1911లోనే కన్నుమూశాడు. మామయ్య సింహాసనం వైపు చూడలేదు. వంగి యాక్సిల్ చూశాడు, స్ప్రింగులు చూశాడు. వాచ్‌మన్ రెండుసార్లు కసిరాడు. బయటికి వచ్చాక, "నిలబెట్టిన బండి ఎక్కువ చెడిపోతుంది అల్లుడూ. టైర్లు, రబ్బర్లు, నూనె అన్నీ పాడైపోతాయి. నూరేళ్లు దీన్ని ఎవరో చూసుకున్నారు. వాడి పేరు రాశారా?" అని అడిగాడు. బోర్డు మళ్లీ చదివి వచ్చాను. నాకు కనిపించలేదు.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన పోయాక గానీ అర్థం కాలేదు. ఎనిమిదో పుస్తకంలో ఒక పేపరు కటింగు అంటించి ఉంది. పాత కార్ల ప్రదర్శనలో ఒక పెద్దమనిషి తన ఫియట్ పక్కన నిలబడి ఉన్న ఫొటో. 1950ల నాటి ఫియట్ 1100, ముందు తలుపులు వెనక్కి తెరుచుకునే రకం. ఆ కారును పద్నాలుగు నెలలు కూర్చుని మామయ్య బాగుచేశాడు. దొరకని రేకులు సుత్తితో కొట్టి తయారుచేశాడు. ఫొటో కింద యజమాని అభిరుచి గురించి నాలుగు వాక్యాలున్నాయి. మామయ్య మాట ఎక్కడా లేదు. కటింగు మీద మాత్రం బాల్‌పెన్నుతో బాణం గుర్తులు. ‘ఈ తలుపు నేను.’ ‘ఈ మడ్‌గార్డు నేను.’ ‘గ్రిల్లు పాతదే, నా సీసాలోది కాదు, అటక మీదిది.’ అత్తయ్యకు కూడా ఆయన ఈ కటింగు చూపించలేదట.

సొంత కారు కొనుక్కోలేదేం అని నేనొకసారి అడిగాను. "కొంటే ఒక్కటే నాదవుతుంది. షెడ్డులో ఉంటే ఆ రోజుకి అన్నీ నావే కదా" అన్నాడు. అది ఆయన నిజంగా నమ్మిన మాటో, చేతిలో డబ్బు లేక చెప్పుకున్న మాటో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు, అద్దె షెడ్డు, చివర్లో ఆక్సిజన్ సిలిండర్లు చూసినవాణ్ని కాబట్టి రెండోదే ఎక్కువ నిజమని అనుకుంటాను.

పెద్దకర్మ అయిన వారానికే తుక్కు వ్యాపారి వచ్చాడు. ఇత్తడి కిలో ఇంత, అల్యూమినియం కిలో ఇంత, ఇనుము ఇంత అని లెక్క చెప్పాడు. ఆస్పత్రి అప్పు ఇంకా ఉంది. అల్లుళ్లు అమ్మేద్దామన్నారు. నేను వద్దన్నాను గానీ అప్పు తీర్చేంత డబ్బు నా దగ్గరా లేదు. నిర్ణయం అత్తయ్యే చేసింది. రెండు రోజులు గుమ్మంలో కూర్చుని సామానంతా రెండు కుప్పలు పోసింది. వంగిన బంపర్లు, రిమ్ములు, బరువైనవన్నీ తుక్కుకి. బ్యాడ్జీలు, బటన్లు, హ్యాండిళ్లు, గ్రిల్లులు లోపలికి. "ఇది లాండ్‌మాస్టర్‌ది, ఇది మార్క్ 1ది, ఇది కలవదు" అంటూ ఒక్కొక్కటీ విడదీస్తుంటే మేమంతా నోరు తెరుచుకుని చూశాం. నలభై ఏళ్లు ఈ సామాను మీద విసుక్కున్న మనిషికి ప్రతి ముక్కా తెలుసు! రోజూ తుడిచింది ఆమే కదా.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వేరే రిజిస్ట్రేషను తెచ్చింది. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అనే అక్షరాలుంటాయి. బండి ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపం పెద్దగా మారకుండా ఉండాలని షరతు. మామయ్య మంచంలో ఉండగానే నేను పేపర్లో చదివి వినిపించాను. "అయితే ఇక అసలు సామాను వెతుకుతారు" అన్నాడు. అన్నట్టే జరిగింది. నా నంబరు, అత్తయ్య నంబరు ఎలా తెలుసుకుంటున్నారో గానీ, పాత కారు బాగుచేయించుకునేవాళ్లు నెలకొకరిద్దరు ఫోను చేస్తున్నారు. 2023 అక్టోబరులో బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ ఆగిపోయిందని వార్త వచ్చినప్పుడు నేనే అత్తయ్యకు చెప్పాను. ఆమె కాసేపు ఆగి, పద్మిని తాళంచెవులు ఇక అమ్మనంది. మిగతావాటికి ధర గట్టిగానే చెబుతోంది. ఆస్పత్రి అప్పులో సగం పైగా తీరింది.

పదకొండు పుస్తకాలు నా దగ్గరున్నాయి. సెలవురోజుల్లో ఒక్కో పేజీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. ఇప్పటికి నాలుగు పుస్తకాలయ్యాయి. మన హాస్టలు తమ్ముళ్లలో ఐటీఐ, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ చదువుతున్నవాళ్లకు కావాలంటే కాపీలు పంపుతాను, అడగండి. తెల్లపెట్టె కూడా ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు అందులో మా అమ్మాయి బొమ్మలు పెట్టుకుంటోంది.

పోయిన నెల అత్తయ్య ఇంట్లో ఉండగా గుడివాడ వైపు నుంచి ఒకాయన ఫోను చేశాడు. బానెట్టు పట్టి ఉంచే కొక్కెం కావాలట, స్టాండర్డ్ కంపెనీ కారుకి. స్పీకరు పెట్టి అత్తయ్యకు అందించాను. ఆమె కూరగాయల కత్తిపీట పక్కకు జరిపి, కొంగుతో చెయ్యి తుడుచుకుని అడిగింది.

"హెరాల్డా, గజెలా? ఏ సంవత్సరం బండి బాబూ?"