బర్కస్‌లో పొద్దుటి హరీస్

దాచేపల్లి నుంచి హైదరాబాద్ వెళ్తూ పొందుగల వంతెన దాటితే వాడపల్లి. హైదరాబాద్ మధ్యలో పారే మూసీ అక్కడికొచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ రోడ్డు మీద ఇప్పుడు ఎక్కడ చూసినా మందీ బోర్డులే. ఎర్రగా కారం దట్టించిన కోడి, పసుప్పచ్చ అన్నం, ఒకే పళ్లెం చుట్టూ నలుగురు కుర్రాళ్లు. మందీ అరబ్బుల వంటకం కదా, వాళ్ల ఇళ్లలో నిజంగా ఏం వండుకుంటారో చూద్దామని చాంద్రాయణగుట్ట దగ్గరి బర్కస్‌కి వెళ్లాను.

ఇక్కడివాళ్ల పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ కొలువు పోయింది. కొందరు తిరిగి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లలో కొందరిని జామతోటలు సాకాయి. బర్కస్ జామకాయకు నగరంలో ఇప్పటికీ పేరే. తోటలు మాత్రం చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి.

నేను వెళ్లిన ఇంటి పెద్దాయన లుంగీలోనే ఎదురొచ్చారు. పెరట్లో రెండు జామచెట్లు, పక్కనే కట్టెల పొయ్యి. హరీస్ కోసం రాత్రి నానబెట్టిన గోధుమలు, మాంసం, ఉప్పు, నీళ్లు తెల్లవారుజాము నుంచి డేగిశాలో ఉడుకుతున్నాయి. ఎముకలు ఏరేశాక ఆయన కొడుకు ఘోట్నీ అందుకున్నాడు. ఆ కర్రతో మెదుపుతుంటే మొదట గింజ పోయింది, తర్వాత మాంసం నార పోయింది. చివరికి కర్ర పైకెత్తితే తీగ సాగింది.

"పప్పుల్లేవు, మసాలా లేదు. సిటీ హలీం వేరే, ఇది వేరే బేటా" అన్నారు పెద్దాయన.

పైన నెయ్యి పోసి రెండు గిన్నెల్లో పెట్టారు. ఒకటి ఉప్పుది, ఒకటి చక్కెర చల్లింది. మాంసంలో చక్కెరేమిటని జంకాను గానీ, తీపిదే బాగుంది. గొడ్డుకారం లేనిదే ముద్ద దిగని పల్నాటివాణ్ణి చెబుతున్నాను, నమ్మండి. మన జొన్న సంకటిలాగే ఇదీ కడుపులో నిలిచే తిండి. పొద్దున తిని తోటకెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండేది కాదట.

ఈ హరీస్‌ని నగరంలో పెద్దింటి విందులకు ఎక్కించింది హద్రమౌత్‌లోని ముకల్లా రాజవంశీకుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ అంటారు. పప్పులూ మసాలాలూ చేరి అదే హైదరాబాదీ హలీం అయింది. 2010లో జీఐ గుర్తింపు కూడా తెచ్చుకుంది.

మందీ సంగతీ అడిగాను. నేలలో గుంట తవ్వి, నిప్పుల మీద బియ్యం గిన్నె దించి, దానిపైన మాంసం ఉంచి మూసేయాలట. మాంసం కొవ్వు చుక్కచుక్కగా అన్నంలోకి దిగితేనే మందీ. మా దారిలో నేను తిన్నదాంట్లో కోడి వేరే చోట వేగి, అన్నం మీద కూర్చుంది, అంతే.

హలీం ఒక్కటే తెలిసినవాళ్లు ఒకసారి హరీస్ తినండి. మొదట తీపిదే అడగండి.