నక్షత్రం, బ్రతుకు, మాట



తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాల యౌవనస్థులు ఈ మధ్య మమ్మల్ని ఆస్ట్రోబయాలజీ అంటే ఏమిటని అడుగుతున్నారు. రేపల్లె వైపు ఒక తల్లికైతే దిగులే పట్టుకుంది. ఇంటర్ అయిన కూతురు ఆ చదువు చదువుతానంటే, "అయ్యగారూ, ఇది జాతకాలు చెప్పే చదువా?" అని అడిగింది. పేరు చూసి ఒక బిడ్డ చదువు ఆగిపోకూడదని దీన్ని రాస్తున్నాము.

జాతకాలది ఆస్ట్రాలజీ. ఇది వేరు. భూమి మీద జీవం ఎలా మొదలైంది, మరెక్కడైనా ఉందా అని వెదకే శాస్త్రం. ఈ పేరులో మూడు గ్రీకు మాటలున్నాయి: ఆస్ట్రాన్ అంటే నక్షత్రం, బియోస్ అంటే బ్రతుకు, లోగోస్ అంటే మాట. మూడూ క్రొత్త నిబంధన గ్రీకులో ఉన్నవే. యోహాను సువార్త మొదట్లో మనం వాక్యము అని చదివేది లోగోస్. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసుల్ని మార్కు ఆమె బియోస్ అంతా అన్నాడు, అంటే బ్రతుకుతెరువంతా. (దీని మీద ఒక ఆదివారం ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి.) ఈ పేరును 1935లో ఆరీ స్టెర్న్‌ఫెల్డ్ ఒక ఫ్రెంచి పత్రికలో వాడాడు. 1953లో సోవియట్ శాస్త్రజ్ఞుడు తీఖొవ్ తన పుస్తకానికి పెట్టుకున్నాడు.

దూరదేశాల సంగతి అనుకోకండి. 2005లో హైదరాబాదు నుంచే ఇస్రో వారు 459 కిలోల పరికరాలతో పెద్ద బెలూన్ ఎగరేశారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చి, హైదరాబాదు సిసిఎంబిలోనూ పూణేలోనూ విడివిడిగా పరీక్షించారు. 12 బాక్టీరియా కాలనీలు దొరికాయి. అందులో మూడు అంతవరకు ఎవరికీ తెలియనివి. వాటికి ఆర్యభట పేరు, ఇస్రో పేరు, ఫ్రెడ్ హాయిల్ అనే శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు.

అవి పై లోకం నుంచే వచ్చాయని చాటుకుంటే ఎంత పేరు వచ్చేదో! 2009 మార్చిలో ఫలితాలు చెబుతూ ఇస్రో, భూమి బయటి నుంచి వచ్చాయని ఈ పరిశోధన తేల్చలేదని స్పష్టంగా చెప్పింది. మనలో కొందరు సాక్ష్యం చెప్పేటప్పుడు మామూలు జ్వరాన్ని టైఫాయిడ్ చేస్తాము. వీరు చూసినంతే చెప్పారు.

రేపు వేరే చోట జీవం దొరికితే మన విశ్వాసం ఏం కావాలని బాపట్లలో ఒక పెద్దాయన అడిగారు. సృష్టికర్త పని భూమితోనే ఆగిపోయిందని మనకెవరు చెప్పారు?

ఇటు వెళ్లాలనుకునే పిల్లలు ముందు సూక్ష్మజీవశాస్త్రమో, రసాయనశాస్త్రమో, భౌతికశాస్త్రమో గట్టిగా చదువుకోండి. తల్లిదండ్రులారా, అక్కడ జన్మనక్షత్రం ఎవరూ అడగరు.