పక్క కుర్చీ

ఫ్లైట్ సిమ్యులేటరుకు మానిటరా, వీఆర్ హెడ్‌సెట్టా అన్న మీమాంస నెలరోజులు నన్ను వదల్లేదు. మిత్రుడి క్వెస్ట్ 3 అరువు తెచ్చి తగిలించుకున్నాను. బేగంపేట రన్‌వే మీదికి దిగుతుంటే నేల ఎంత దూరముందో కళ్ళకే తెలిసింది. మానిటరులో ఏనాడూ అందని లోతు అది. ఒక్కో కంటికి 2064×2208 పిక్సెళ్ళున్నా, అవి చూపుమేరంతా పరుచుకోవడంతో మీటర్ల మీది చిన్న అంకెలు మసకబారాయి. మెడనొప్పి సరేసరి.

"నాన్నా, ఎడమపక్క హుస్సేన్‌సాగర్ చూడండి!" అన్నాను అలవాటుగా.

"నాకేం కనబడుతుందిరా?" అన్నారు పక్క కుర్చీలోంచి. 2008లో పౌరవిమానాలు శంషాబాదుకు తరలిపోయేదాకా బేగంపేటలోనే ఉద్యోగం చేసిన మనిషి!

మర్నాడే హెడ్‌సెట్టు తిరిగిచ్చేసి, ముప్పైరెండంగుళాల మానిటరు కొన్నాను. ఎత్తు అంచనా తప్పి చక్రాలు ధనామని నేలను తాకినప్పుడల్లా నాన్న పగలబడి నవ్వుతున్నారు.